పదింటికి లేచిన గాలి

ముప్పై ఏళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసినవాడు "నిజం చెబుతాను వినండి" అంటే కృష్ణానగర్‌లో టీ కొట్టువాడు కూడా నవ్వుతాడు. నవ్వనివ్వండి. ఈ పనిలోకి కొత్తగా దిగిన మీలాంటి పిల్లలు నన్ను పట్టుకుని "సార్, ఆ పడవ సంగతేంటి" అని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఫిలింనగర్‌లో తిరుగుతున్న కథ ప్రకారం నేను గాలివానకు జడిసి సగం సముద్రం నుంచి పారిపోయి వచ్చాను. జరిగింది అంతకంటే అధ్వాన్నం.

ముందు మన వృత్తిలోని ఒక అలవాటు చెప్పాలి. హీరో సెట్లో తొమ్మిదింటికి ఉండాలంటే మనం ఏడింటికి రమ్మంటాం. ఏడంటే ఎనిమిదిన్నర అని హీరో మేనేజరుకు తెలుసు. అతను హీరోకు ఎనిమిదని చెబుతాడు. హీరో తొమ్మిదింపావుకు దిగుతాడు, అందరం "అబ్బ, టైముకొచ్చేశారండీ" అంటాం. ఇందులో చెప్పినవాడు అబద్ధమాడినట్టు కాదు, విన్నవాడు మోసపోయినట్టూ కాదు. ఈ అలవాటు నాలో ఎంత ముదిరిందంటే, మా అమ్మాయి పెళ్లికి మగపెళ్లివారిని విడిదికి గంటన్నర ముందుగా రమ్మన్నాను. వియ్యంకుడు ఆఫీసు మనిషి. చెప్పిన టైముకే దిగి, తాళం వేసిన హాలు ముందు సామాన్లతో నిలబడ్డాడు. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు.

ఇక పడవ సంగతి. మా దర్శకుడికి అండమాన్ సముద్రంలో తెరచాప పడవ మీద హీరో రావాలని కోరిక పుట్టింది. ఆయన ఊహకు సరిపోయే పడవ అక్కడ దొరకలేదు, విశాఖపట్నంలో దొరికింది. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు నిక్షేపంలాంటి ఫైబర్ పడవకు పాత చెక్క రంగు పూసి, నూరేళ్ల నాటిదిలా తయారుచేశారు. దాన్ని ఏదైనా ఓడలోకి ఎక్కించి పంపొచ్చు. ఆ ఓడ తేదీలు మా హీరో తేదీలకు కుదరలేదు. కాబట్టి తెరచాప ఎత్తుకుని దాని కాళ్ల మీద దాన్నే వెళ్లమన్నారు. ఆరు రోజుల ప్రయాణం.

నిర్మాత నన్ను జూబ్లీహిల్స్‌లో ఇంటికి పిలిపించుకున్నారు. "మీరు కూడా ఎక్కండి. మనవాళ్లు ఒకళ్లుండాలి కదండీ."

"నాకు సముద్రం గురించి ఏం తెలుసండీ?"

"మీది గోదావరి వైపే కదా, నీళ్లు అలవాటే మీకు."

చిన్నప్పుడు కాలవలో ఈతకొట్టినందుకు యాభై తొమ్మిదో ఏట బంగాళాఖాతం దాటాల్సి వచ్చింది.

పడవలో నలుగురం. కెప్టెన్ నలభై ఏళ్ల విశాఖపట్నం ఆవిడ, నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆవిడతో ఏళ్లుగా తిరుగుతున్న సహాయకుడొకడు, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నేను. మా యూనిట్ మెస్ వంటాయన. ఇతను రహమత్ నగర్ మనిషి, నాతో పాతికేళ్లుగా అవుట్‌డోర్ షూటింగులు తిరిగాడు. సముద్రం మీదికి వస్తావా అని నేనే అడిగాను. నిజానికి అడగలేదు, లారీలో సామాన్లతో పాటు అతని పేరు కూడా జాబితాలో రాసేశాను.

బయల్దేరడానికి ముహూర్తం పెట్టించారు. కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం, కొత్త బండికైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, పడవకు చక్రాలెక్కడున్నాయి? పురోహితుడూ నేనూ దీని మీద పది నిమిషాలు చర్చించాం. కెప్టెన్ గారు చేతులు కట్టుకుని నిలబడి, "ముహూర్తం బాగుందండీ, గాలే లేదు" అన్నారు. ఆ శుభఘడియలో మేము రేవు దాటి, ఆగిన నీళ్లలో మూడు గంటలు ఊగుతూ కూర్చున్నాం. ఒడ్డున బ్యాండు వాళ్లు వాయించి వాయించి అలిసిపోయి వెళ్లిపోయారు. నిమ్మకాయలతో వంటాయన షర్బత్ చేశాడు.

సముద్రం మీద రోజులెలా గడుస్తాయో తెలుసుకోవాలని మీకుంటుంది. మొదటి రోజంతా వాంతులు. రెండో రోజు వాంతులు ఆగి, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన కూడా ఆగుతుంది. తర్వాత అంతా వంతులే. మూడేసి గంటలు ఒకరు చుక్కాని దగ్గర, మిగతావాళ్లు నిద్ర, మళ్లీ వంతు. పైకి వెళితే నడుముకు కట్టిన తాడు కొక్కేనికి తగిలించాల్సిందే. స్నానం ఉప్పునీళ్లతో. ఒళ్లంతా అప్పడంలా అవుతుంది. మరుగుదొడ్డి గురించి రాయను, మా మనవరాళ్లు కూడా చదువుతారు. పొద్దున లేచేసరికి పైన డెక్ మీద రెండు మూడు ఎగిరే చేపలు పడి ఉండేవి, వంటాయన వాటిని వేపుడు చేసేవాడు. పడవ ఎంత ఒరిగినా పొయ్యి మాత్రం నిటారుగా ఉండేలా కొక్కేలకు వేలాడదీసి ఉంటుంది. అతనికి అది తెగ నచ్చింది.

"గీ పొయ్యొక్కదానికే అకల్, తెలివి ఉన్నయి సార్ గీడ. మనమే ఊగుతున్నం," అనేవాడు.

నిర్మాత రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవారు. అనుమతులు తెచ్చుకుని తీసుకెళ్లిన శాటిలైట్ ఫోను అది.

"ఎక్కడిదాకా వచ్చారండీ?"

"నడిసముద్రంలో ఉన్నామండీ."

"అది సరే, దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏదైనా చెప్పండి."

ఆ ఫోను నా దగ్గరే ఉండేది. యూనిట్ ఎక్కడికెళ్లినా ఆఫీసుతో మాటలు మేనేజరు ద్వారానే నడవాలన్నది మన పద్ధతి. కెప్టెన్ గారు ఒకసారి అడిగారు, "వాతావరణం కబురు నేరుగా నేనే వింటాను కదా" అని. "మీరెందుకండీ శ్రమపడటం, నేను విని చెబుతాగా" అన్నాను. ఫోను చేతిలో ఉన్నవాడే పెద్దమనిషి, ఆ పెద్దరికం నాకు ఎప్పుడూ ముద్దే. ఆవిడ సరేనన్నారు.

వాతావరణం చెప్పే ఆయన ఫిలింనగర్‌లో మా ఆఫీసు మేడ మీద గదిలో కూర్చుంటారు. ఆ శాఖలోనే ఉద్యోగం చేసి రిటైరై, షేక్‌పేటలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. అవుట్‌డోర్‌లో వాన పడుతుందా లేదా అని చెప్పడానికి పెట్టుకున్నాం. వాన సార్ అంటాం. రెండుంపావుకు వాన అంటే రెండుంపావుకే మేం గొడుగులు వెతుక్కునేవాళ్లం. ఇది పాతికసార్లు చూశాను, అయినా నా బుర్రకు ఎక్కలేదు.

మూడో రోజు సాయంత్రం ఆరు దాటాక ఆయన నుంచి ఫోను.

"సార్, దక్షిణం దిక్కుకెల్లి ఒక అల్పపీడనం మీ తొవ్వకు అడ్డం వస్తున్నది. రేపు పొద్దుగాల పదింటికి గాలి లేస్తది. మామూలు గాలి గాదు. ఇప్పుడే ఉత్తరం మొఖాన మళ్లి, రెండు దినాలు ఆగుండ్రి. అది పడమటికి పోయినంక మీ తొవ్వ మీరు పోవచ్చు. కెప్టెన్ మేడమ్‌కు చెప్పుండ్రి, జర పైలం."

నేను చుక్కాని వైపు నడుస్తూ ఏం ఆలోచించానో మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. రెండు రోజులు ఆగితే హీరో తేదీల్లో రెండు పోతాయి. అవి పోతే సినిమా వేసవి దాటుతుంది. అది ఒకటి. రెండోది, పదింటికి అంటున్నాడంటే ఈయన కూడా కాస్త ముందుకు జరిపే చెబుతున్నాడు, ఎవరైనా అంతేగా, అసలు గాలి ఏ సాయంత్రానికో వస్తుంది, ఆలోపు మనం దాటిపోతాం. ముప్పై ఏళ్లుగా టైము చెప్పిన ప్రతివాడి మాటలోంచీ గంటలు తీసేసి బతికినవాణ్ని. గాలి మాటలోంచీ తీసేశాను.

"ఏమన్నారండీ?" అన్నారు కెప్టెన్ గారు.

"రేపు సాయంత్రం గాలి కొంచెం పెరుగుతుందట."

"సాయంత్రమా? బారోమీటర్ అప్పుడే దిగుతోందే."

"సాయంత్రమనే అన్నారండీ."

ఉత్తరానికి తిరగమన్న సంగతి నోరెత్తలేదు. ఆవిడ తన పుస్తకంలో నేను చెప్పిన మాట రాసుకున్నారు, నా ఎదురుగానే.

పెద్ద గాలి వస్తుందనుకున్న రోజు పడవలో పొయ్యి వెలిగించకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. అటుకులు, అరటిపళ్లు, బిస్కెట్లతో సరిపెట్టుకోవాలి. మర్నాడు ఎనిమిదిన్నరకు వంటాయన మెట్ల మీంచి తల పైకి పెట్టి అడిగాడు, "మేడమ్, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యాల్నా, వద్దా?"

ఆవిడ నా వైపు చూశారు. "గాలి సాయంత్రమే కదండీ?"

"సాయంత్రమేనండీ," అన్నాను. పైగా, "అన్నం వార్చి, పప్పుచారు పెట్టవయ్యా, ఈ కుక్కరు అన్నం తినలేకపోతున్నాను" అని కూడా అన్నాను.

పదింటికి నేను కింద బల్ల దగ్గర కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. వంటాయన గిన్నె మీద మూత పట్టి, గుడ్డతో రెండు చేతులా వంచి గంజి వారుస్తున్నాడు. పైనుంచి కెప్టెన్ గారి కేక వినిపించింది. మాట అర్థమయ్యేలోపే పడవ పక్కకు పడిపోయింది. ఒరగడం కాదు, పడిపోవడమే. కిటికీ అద్దం బయట ఆకాశం ఉండాల్సిన చోట పచ్చటి నీళ్లు కనిపించాయి. నేను ఎగిరి ఎదుటి పడక మీద పడ్డాను. గిన్నె వంటాయన చేతి మీద తిరగబడింది. కుడి చెయ్యి, మోచేతి దాకా.

అతను అరవలేదు. "అమ్మా" అని ఒకసారి మెల్లగా అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

పైన పెద్ద తెరచాప మొత్తం ఎత్తే ఉంది. ముందే తెలిసి ఉంటే ఆవిడ దాన్ని సగానికి మడిచి కట్టించేవారు. గాలి దాన్ని పైనుంచి కిందికి చీల్చేసింది, చీలబట్టే పడవ మళ్లీ లేచింది. కాసేపటికి కెప్టెన్ గారు నీళ్లోడుతూ కిందికి దిగి, అతని చెయ్యి చూసి, మంచినీళ్ల పంపు కిందికి లాగి నాకు అప్పగించారు. "ఇరవై నిమిషాలు. ఆపకండి. తాగే నీళ్లు అయిపోతాయని చూడకండి." నేను కాలితో పంపు తొక్కుతూ అతని మోచేతిని పట్టుకుని కూర్చున్నాను. భయం ఒక పక్క, సిగ్గు ఇంకో పక్క. భయం ఆ మధ్యాహ్నానికి పోయింది.

కట్టు కట్టాక ఆవిడ నా ఎదురుగా కూర్చున్నారు. "నిన్న సాయంత్రం ఆయన చెప్పిన మాటలు, ఒక్కటీ మార్చకుండా చెప్పండి. ఇక ఎటు వెళ్లాలో దాన్ని బట్టే చూడాలి."

చెప్పాను. పదింటికన్నారని, ఉత్తరానికి తిరగమన్నారని.

"మీరు సాయంత్రమన్నారు."

"అన్నాను."

"ఎందుకు?"

ఏడంటే ఎనిమిదిన్నర అనే మన లెక్క ఆవిడకు వివరించాను. పైన చిరిగిన గుడ్డ టపటపా కొట్టుకుంటోంది, పక్క పడక మీద మనిషి పళ్లు బిగించి పడుకున్నాడు, నేను ఫిలింనగర్ గడియారాల గురించి చెబుతున్నాను. అలా చెబుతుంటే అది నాకే పిచ్చిగా వినిపించింది. ఆవిడ తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో. తిట్టలేదు. చెయ్యి చాచి, "ఫోన్ ఇవ్వండి" అన్నారు.

ఆ ఫోన్లో ఆవిడే ఒడ్డున ఉన్న డాక్టరుతో మాట్లాడారు. ఆ సముద్రంలో ఇంకో ఓడలోకి ఆ చేత్తో ఎక్కించడం మరీ ప్రమాదమని తేల్చారు. ముందుకెళ్తే గాలికి ఎదురు, ఐదు రోజులు. వెనక్కైతే గాలి వీపు మీద, చిన్న తెరచాపతోనే మూడు రోజుల్లోపు. ఆవిడ చుక్కాని తిప్పేశాక నిర్మాత ఫోను వచ్చింది. నాకు అందించారు.

"సగం దూరం వచ్చేశారు కదండీ! అక్కడా ఆసుపత్రి ఉంటుంది. చెయ్యే కదా?"

ఆయనకు ఆ ముప్పై ఏళ్లలో నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "వంటవాడికి చెయ్యే కదండీ ఉండేది," అన్నాను. అక్కడితో నా ఉద్యోగం అయిపోయిందని ఆయన నోటితో అనలేదు, నేను అడగలేదు.

తిరుగు ప్రయాణం మూడు రోజులూ వంటాయనకు అన్నం నేనే కలిపి పెట్టాను. ప్రతి ముద్దకూ ఒకటే మాట. "నా తప్పే సార్. గంజి వార్చంగ కాలు అడ్డం పెట్టుకోవాలె. ఏమరుపాటైంది. నా వల్ల షూటింగ్ ఖరాబైంది." కెప్టెన్ గారు మెట్ల మీద కూర్చుని వింటూ ఉండేవారు. ఒకసారి ఆవిడను పక్కకు పిలిచి, మీరే చెప్పొచ్చు కదా అన్నాను. "అది నేను చెప్పే మాట కాదండీ," అన్నారు.

నేను చెప్పలేదు. హైదరాబాద్ వచ్చాక ఆసుపత్రికి రోజూ వెళ్లాను, పళ్లు పట్టుకెళ్లాను. మళ్లీ అతను నా తప్పే అన్నాడు. "పోనీలేవయ్యా, ఇకనుంచి జాగ్రత్తగా ఉండు" అన్నాను. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది, చదివి ముఖం తిప్పుకుంటే తప్పు పట్టను.

ఆ పడవ సీను చివరికి నగర శివార్లలో ఒక స్టూడియో ఫ్లోర్‌లో తీశారు. నీలి గుడ్డ ముందు సగం పడవ, నాలుగు పెద్ద ఫ్యాన్లు, ఇద్దరు మనుషులు బకెట్లతో నీళ్లు. థియేటర్లో నా పక్క సీటాయన వాళ్లావిడతో, "ఒరిజినల్ సముద్రం, చూశావా" అన్నాడు.

అంతకు ముందే, మేము తిరిగొచ్చిన నెలన్నరకు, నా సామాన్లు తెచ్చుకోవడానికి ఆఫీసుకెళ్లాను. మేడ మీంచి వాన సార్ గబగబా దిగివచ్చారు. మనిషి సగమయ్యారు.

"సార్, ఒక మాట అడుగుతా, ఏమనుకోకుండ్రి. నేను గట్టిగ చెప్పలేదా ఆ దినం? లైన్ల మాట తెగిందా? దినాం గదే ఆలోచన జేస్తున్న. గట్టిగ చెప్పి ఉంటే గా మనిషి చెయ్యి కాలకపోతుండె."

చేయని తప్పును ఒకడు రహమత్ నగర్‌లో మోస్తున్నాడు, ఇంకొకడు షేక్‌పేటలో మోస్తున్నాడు. చేసినవాణ్ని నేను ఫైళ్లూ ఫ్లాస్కూ సంచిలో సర్దుకుంటున్నాను. "మీరు సరిగ్గానే చెప్పారు సార్. నేను మార్చి చెప్పాను" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయారు. అక్కణ్నుంచి ఆటో ఎక్కి నేరుగా రహమత్ నగర్ వెళ్లాను.

ఇరుకు సందులో మేడ మీద ఇల్లు. వంటాయన లేచి కుర్చీ వేయబోయాడు, ఎడం చేత్తో. నిలబడే చెప్పేశాను. పదింటికని నాకు తెలుసని, ముందు రోజు సాయంత్రమే తెలుసని, పొయ్యి వెలిగించమన్నది నేనేనని.

అతను నేను ఊహించని మాట అన్నాడు.

"నెలన్నరసంది నా పెండ్లాం నన్ను తిడుతున్నది సార్. సోయి లేకుంట వంట జేసినవని. పొద్దున తిట్టుడే, మాపున తిట్టుడే. గీ మాట నాకెందుకు చెప్తున్నవ్? లోపటికి నడువ్, ఆమెకు చెప్పు."

పాతికేళ్లలో అతను నన్ను మీరు అనకపోవడం అదే మొదటిసారి.

లోపల అతని భార్య పెద్ద గిన్నె తోముతోంది. యూసుఫ్‌గూడలో సినిమా పనివాళ్లకు వాళ్లొక మెస్ నడుపుతారు. అతను అవుట్‌డోర్‌లో ఉన్నప్పుడు ఆవిడే చూసుకునేది, పెద్ద గిన్నెలు మాత్రం అతను దింపేవాడు. మొత్తం మళ్లీ చెప్పాను. ఆవిడ తోమడం ఆపలేదు. అయిపోయాక చేతులు కడుక్కుని, నా రెండు చేతుల వైపు చూసింది.

"నీ చేతులు మంచిగనే ఉన్నయి గద?"

"ఉన్నాయమ్మా."

"రేపటిసంది మెస్సుకు రా. ఆయన చెయ్యి పనికొచ్చెదాక నీ చెయ్యి గావాలె. గంజి నువ్వే వార్చాలె."

వెళ్లాను. ఇంట్లో తిన్న కంచం తీయని మనిషిని, ఐదు నెలలు రోజూ నలభై మందికి అన్నం వార్చాను. ఒకప్పుడు నేను ఏడింటికి రమ్మని పిలిచిన లైట్‌మెన్లు, డ్రైవర్లు బల్లల మీద కూర్చుని నన్ను చూసి చూసి తిన్నారు. వాళ్లలో ఒకడు కావాలనే రెండోసారి పప్పుచారు అడిగేవాడు. వంటాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కుడి చేతిలో రబ్బరు బంతి పట్టుకుని డాక్టరు చెప్పినట్టు పిసుకుతూ, ఉప్పు ఎక్కువైందని, మెతుకు చితికిందని నన్ను తిడుతూ ఉండేవాడు.

ఇప్పుడు అతనే వండుతున్నాడు. నేను మధ్యాహ్నాలు వెళ్లి అక్కడే తింటాను. వడ్డించేటప్పుడు గరిటె నాలుగు వేళ్లతో పట్టుకుంటాడు. చిటికెన వేలు వంగదు, ఇక వంగదని డాక్టరు చెప్పేశాడు. కంచం ముందు కూర్చుంటే నా కళ్లకు సరిగ్గా ఎదురుగా వస్తుంది ఆ వేలు, అన్నం పెట్టినంతసేపూ.